పాతది తీసేముందు అడగాలి

కొత్త వెర్షన్ వేసుకునేటప్పుడు మనలో చాలామంది తెర మీద ఏం రాసి ఉందో చదవకుండా ‘నెక్స్ట్’, ‘నెక్స్ట్’ అని నొక్కుకుంటూ పోతారు. పాత వెర్షన్ ఉండాలా, పోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ఆ నిర్ణయం కంప్యూటర్ వాడేవారి చేతిలో ఉండాలని నా అభిప్రాయం.

అన్ని ఇన్‌స్టాలర్లూ ఒక్క తీరుగా ఉండవు. విండోస్‌లో పైథాన్ 3.11 ఉండగా 3.12 వేస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. పాత ప్రాజెక్టు ఆగిపోదు. డెబియన్ లినక్స్ అయితే ఇంకా మర్యాదస్తురాలు. మనం మార్చుకున్న సెట్టింగుల ఫైలు ఎదురైతే ఆగి అడుగుతుంది. ఊరికే ఎంటర్ కొడితే మనదే ఉంచుతుంది.

అడగకపోతే ఏమవుతుందో 2018లో చూశాం. ఆ ఏడాది అక్టోబర్ 2న విండోస్ 10కు కొత్త అప్‌డేట్ వచ్చింది. అంతకుముందు కొందరు తమ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చుకున్నారు. పాత చోట అదే పేరుతో ఇంకో ఫోల్డర్ మిగిలిపోయింది. అది ఖాళీదే కదా అనుకుని అప్‌డేట్ దాన్ని తీసేసింది. లోపల ఫైళ్ళున్నవారివి కూడా పోయాయి. విడుదలకు ముందు పరీక్షించినవారిలో కొందరు ఈ సంగతి చెప్పినా అది లెక్కకు రాలేదు. నాలుగు రోజులకు మైక్రోసాఫ్ట్ అప్‌డేట్‌ను ఆపింది. సరిచేసి నవంబర్ 13న మళ్ళీ ఇచ్చింది.

ఫిర్యాదు చేసినవారు పదివేలకు ఒక్కరేనని కంపెనీ లెక్క. కంపెనీకి అది చిన్న అంకెే కావచ్చు. ప్రాజెక్టు రిపోర్టు ఒకే ఒక్క చోట దాచుకున్న విద్యార్థి ఆ ఒక్కరైతే? సొంత లాప్‌టాప్, బయట ఇంకో హార్డ్ డిస్క్ ఉన్నవారి సంగతి వేరు. హాస్టల్ కంప్యూటర్ మీద పదిమంది పని ఉంటుంది. వేసేది ఒకరు, పోగొట్టుకునేది ఇంకొకరు.

విండోస్ వెర్షన్ మార్చినప్పుడు పాతదాన్ని ‘విండోస్.ఓల్డ్’ అనే ఫోల్డర్‌లో దాస్తుంది, నిజమే. కానీ వెనక్కి వెళ్ళడానికి మామూలుగా ఇచ్చే గడువు పది రోజులు. సంక్రాంతికి ఊరెళ్ళి వచ్చేసరికి అది కాస్తా అయిపోతుంది!

కాబట్టి తమ్ముళ్ళూ, ఉమ్మడి కంప్యూటర్‌లో కొత్త వెర్షన్ వేసేవారు రెండు రోజుల ముందే నోటీసు బోర్డులో రాయాలి. ఎవరి ఫైళ్ళు వారు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాకే వేయాలి. సెలవుల ముందు రోజు అసలే వద్దు.