నక్షత్రం చెప్పని పొంతన

హైదరాబాదులో అమ్మాయికి పొద్దున ఏడయితే, డల్లాస్‌లో అబ్బాయికి చలికాలంలో ముందురోజు రాత్రి ఏడున్నర. ఒకరు ఆఫీసుకు తయారవుతూ, మరొకరు వంట చేసుకుంటూ మాట్లాడుకుంటారు. ఇలా ఏళ్ల తరబడి ప్రేమను నిలుపుకున్న జంటలు ఇవాళ తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఉద్యోగం పోయిన రోజున ఎదుటి మనిషి ఎలా మాట్లాడారో, కోపంతో ఫోను పెట్టేశాక ముందు ఎవరు దిగివచ్చారో, వీసా రాక ప్రయాణం ఆగినప్పుడు ఎవరి ఓపిక ఎంతో వాళ్లకు తెలుసు. పెళ్లిచూపుల్లో అరగంట కూర్చుంటే ఇవేవీ తెలియవు.

తీరా ఇంట్లో చెబితే మొదట అడిగేది కులం. అది దాటితే నక్షత్రం.

జాతకాల పొంతనకు చూసే అష్టకూటాల్లో మొత్తం 36 గుణాలు. 18 దాటితే పర్వాలేదంటారు. ఇదంతా పుట్టినప్పుడు చంద్రుడు ఏ రాశిలో, ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాని మీదే ఆధారపడుతుంది. చంద్రుడు ఒక్కో నక్షత్రంలో సుమారు ఒక రోజు ఉంటాడు. అంటే ఆ రోజు భూమ్మీద పుట్టిన లక్షలాది మంది పిల్లలకు దాదాపు ఒకే మార్కులు! వర్ణకూటమైతే రాశులనే బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్రలుగా విడగొట్టి, వరుడి వర్ణం వధువు వర్ణం కన్నా తక్కువ కాకూడదంటుంది. కులాన్నీ మగవాడి ఆధిక్యాన్నీ ఆకాశానికి ఎక్కించడమే ఇది.

అన్నిటికన్నా బరువైనది నాడీకూటం, 8 గుణాలు. 27 నక్షత్రాలను తొమ్మిదేసి చొప్పున మూడు నాడులుగా పంచారు. ఇద్దరిదీ ఒకే నాడి అయితే సున్నా. ముక్కూ మొహం తెలియని ఏ ఇద్దరిని తీసుకున్నా మూడింట ఒక వంతు అవకాశం ఇలా పడటానికే ఉంది. ఈ దోషం ఉంటే సంతానానికి కీడంటారు. సంతానం గురించి నిజంగా బెంగ ఉంటే చేయించాల్సింది తలసీమియా రక్తపరీక్ష. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. జాతకం అడిగే పెద్దల్లో ఈ పరీక్ష అడిగేవాళ్లు ఎంతమంది?

కుజదోషం సంగతీ అంతే. పన్నెండు స్థానాల్లో 2, 4, 7, 8, 12లో ఎక్కడ కుజుడున్నా దోషమే. లగ్నం నుంచి, చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి మూడుసార్లూ లెక్కిస్తే నూటికి ఎనభై మందికి ఎక్కడో ఒకచోట అది తగులుతుంది. అందుకే మళ్లీ మినహాయింపులు, శాంతులు, అరటిచెట్టుతో పెళ్లిళ్లు.

జాతకాన్ని పరీక్షించకుండానే కొట్టిపారేస్తున్నారని అంటారు. పరీక్షించారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం తెలివైన పిల్లల జాతకాలనూ, మానసిక ఎదుగుదల లేని పిల్లల జాతకాలనూ కలిపి 27 మంది జ్యోతిష్కులకు తలా నలభై ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పమంది. సరిపోయినవి నూటికి 46. ఫలితాలు 2009లో ‘కరెంట్ సైన్స్’లో వచ్చాయి. బొమ్మా బొరుసూ వేసినా సగం సరిపోయేవి.

కులమూ జాతకమూ చూడని పెళ్లికి మన దగ్గరే దారి వేసినవాళ్లున్నారు. నాస్తిక ఉద్యమకారుడు గోరా తన కూతురు మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో 1948లో సేవాగ్రాంలో పెళ్లి చేశారు. ఇప్పుడు 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి, నోటీసు ఇచ్చి, మరో 30 రోజులు ఆగితే ముహూర్తంతో పనిలేదు. పరాయి దేశంలోనే చేసుకోవాలంటే, ఒకరైనా భారత పౌరులైతే 1969 విదేశీ వివాహ చట్టం ఉంది. అయితే ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసు గోడకెక్కించే ఆ నెలే కులాంతర జంటలను బెదిరించడానికి వీలిస్తోంది, దాన్ని తీసెయ్యాలి.

అమ్మానాన్నలారా, పిల్లలు పెళ్లి మాట ఎత్తితే పుట్టిన టైము అడగకండి. డబ్బు ఖర్చు దగ్గర ఎలా ఒక మాట మీదకు వస్తున్నారో, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు దేశం మారతారో అడగండి. రిజిస్ట్రార్ ఎదుట ముగ్గురు సాక్షులు సంతకం పెట్టాలి. వాళ్లలో మీరూ ఉండండి.