ఓదార్పు కూడా ఒక హక్కే

భారత సైన్యంలో మత బోధకుల కొలువు ఒకటి ఉన్నది. పండితుడు, గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు - ఈ హోదాల్లో ఎంపికైనవారు జూనియర్ కమిషన్డ్ అధికారులుగా, నాయబ్ సుబేదార్ స్థాయిలో చేరుతారు. ప్రార్థనలు జరిపించడంతోనే వారి పని ముగియదు. అంత్యక్రియలకు హాజరు కావడం, ఆసుపత్రిలోని జవాన్లను పరామర్శించడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను కలవడం కూడా వారి విధులే. ప్రాణాన్ని పణంగా పెట్టే మనిషికి అన్నం, ఆయుధం, మందులతో పాటు మనసుకు ఊరట కూడా అవసరమని ప్రభుత్వమే అంగీకరించిందన్నమాట. అది ఎవరో చూపే దయ కాదు, అతని హక్కు.

అయితే ప్రతి దళంలోనూ అన్ని మతాల బోధకులు ఉండరు. సైనికుల సంఖ్యను బట్టి నియామకాలు జరుగుతాయి. కనుక గాయపడిన ముస్లిం జవాను మంచం పక్కన పండితుడు కూర్చోవలసి రావచ్చు. ప్రాణం పోతున్న హిందూ జవాను చెయ్యిని మౌల్వీ పట్టుకోవలసి రావచ్చు. అప్పుడు మౌల్వీ చేయవలసినదేమిటి? తనది కాని పూజను తాను చేయనక్కరలేదు. తన విశ్వాసాన్ని ఎదుటివానిపై రుద్దనూ కూడదు. చెంత కూర్చొని అతడు చెప్పేది ఓపికగా వినవచ్చు. ఇంటికి కబురు పంపవచ్చు. అతని మతానికి చెందిన గురువును పిలిపించవచ్చు. తన ఈమాన్‌కు ఏ లోటూ రాకుండానే ఇవన్నీ చేయవచ్చు.

ఇటువంటి సేవకు చరిత్రలో ఒక గొప్ప నిదర్శనం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943 ఫిబ్రవరి 3న, ‘డార్చెస్టర్’ అనే అమెరికా సైనిక నౌకను గ్రీన్‌లాండ్ సమీపాన జర్మన్ జలాంతర్గామి ముంచివేసింది. అందులో నలుగురు సైనిక మత గురువులు ఉన్నారు. ఇద్దరు ప్రొటెస్టెంట్లు, ఒకరు కాథలిక్కు, ఒకరు యూదు. భీతిల్లిన సైనికులకు వారు ధైర్యం చెప్పారు. లైఫ్ జాకెట్లు చాలకపోతే తమవి విప్పి ఇచ్చివేశారు. పుచ్చుకునేవాని మతం ఏమిటని అడగలేదు. నలుగురూ ఆ నౌకతో పాటే సముద్రంలో కలిసిపోయారు.

మన ధర్మానికి ఈ బాట కొత్తది కాదు. ఒక యూదుని శవయాత్ర ఎదురైనప్పుడు దైవప్రవక్త ముహమ్మద్ (స) లేచి నిలబడ్డారు. అది యూదునిది కదా అని సహచరులు గుర్తుచేయగా, అతనిదీ ప్రాణమే కదా అన్న భావంతో సమాధానమిచ్చారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. తౌహీద్‌ను బోధించిన ప్రవక్తే ఈ గౌరవాన్నీ నేర్పారని మనం మరువరాదు.

సైన్యం సంగతి బొగ్గుబాయిల దగ్గర ఎందుకని కొందరు అడగవచ్చు. జవాను ఇంట్లో ఉండే దిగులే బాయి దిగే కార్మికుని ఇంట్లోనూ ఉంటుంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు దూసుకువచ్చి 17 మంది కార్మికులు మరణించారు. 2022 మార్చిలో అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. అటువంటి ఘడియలో గని ముందు నిలబడిన తల్లికి, భార్యకు నష్టపరిహారం, కారుణ్య నియామకం తరువాతి మాటలు. ముందుగా కావలసినది పక్కన నిలిచే మనిషి.

కనుక మన ముందున్న పనులు మూడు. మొదటిది: మన యువ ఆలిమ్‌లు సైన్యంలోని మౌల్వీ కొలువులకు దరఖాస్తు చేయాలి. డిగ్రీతో పాటు అరబీలో మౌల్వీ ఆలిమ్ లేదా ఉర్దూలో అదీబ్ ఆలిమ్ అర్హత అడుగుతారు. కాబట్టి మదర్సాలో చదివే పిల్లవాడు డిగ్రీ కూడా పూర్తిచేసేలా తల్లిదండ్రులు శ్రద్ధ వహించాలి. రెండవది: గని ప్రాంతంలోని ప్రతి ఆసుపత్రిలో ఇమామ్, పురోహితుడు, పాస్టర్ల ఫోన్ నంబర్లు అందరికీ కనబడేచోట ఉంచాలని, రోగి గాని కుటుంబం గాని కోరిన వెంటనే పిలిపించాలని యాజమాన్యాలకు విజ్ఞాపనలు ఇవ్వాలి. రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చిన మత స్వేచ్ఛ ఆసుపత్రి గుమ్మం దగ్గర ఆగిపోరాదు. ఈ కోరిక మనకోసమే కాదు, అన్ని మతాల కార్మికుల కోసం. మూడవది: ప్రతి మస్జిదు కమిటీ ఒక పరామర్శ బృందాన్ని ఏర్పరచాలి. జనాజా రోజున కనబడే మన యువకులు పొరుగున ఉన్న హిందూ, క్రైస్తవ కుటుంబాల దుఃఖంలోనూ కనబడాలి.

ఒక హద్దును మాత్రం దాటరాదు. ఆపదలో ఉన్నవాని నిస్సహాయతను మత ప్రచారానికి వాడుకోకూడదు. పరామర్శను ఫోటోలు తీసి చాటుకోనూ కూడదు. మన రోగి మంచం దగ్గర ఇతరులు అలా ప్రవర్తిస్తే మనం సహించము. ఆ న్యాయమే మనకూ వర్తిస్తుంది.

హక్కులు అడిగే సముదాయం ఇతరుల కన్నీటిని తుడవడంలోనూ ముందుండాలి. అందుకు తగిన మనసును అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.