మూర్ఛ చికిత్సలో నిద్ర హార్మోన్: ఆశ ఎంత, ఆధారం ఎంత?

చీకటి పడగానే మెదడు నడుమ ఉన్న పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోన్‌ను విడుదల చేస్తుంది. రాత్రి అయిందని శరీరానికి తెలియజేయడం దీని ప్రధాన విధి. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం తొలిసారి వేరుచేసిన ఈ హార్మోన్, ఇప్పుడు మూర్ఛ వ్యాధి పరిశోధనలో చర్చనీయాంశమైంది. ఈ చర్చ నిద్రతో ఆగక, మెదడులో తలెత్తే వాపు వరకు సాగుతోంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 5 కోట్ల మంది మూర్ఛతో జీవిస్తున్నారు. సరైన చికిత్స అందితే వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరు. మిగిలిన వారి పరిస్థితే కఠినం. ఇప్పుడున్న మందులు ప్రధానంగా నాడీకణాల విద్యుత్ ఉద్రేకాన్ని అణచుతాయి. దాని వెనుక ఉన్న కారణాన్ని సరిచేయవు.

ఆ కారణాలలో వాపు ఒకటి. ఫిట్స్ వచ్చినప్పుడు మెదడులోని రక్షక కణాలైన మైక్రోగ్లియా ఇంటర్‌ల్యూకిన్-1 బీటా వంటి రసాయనాలను వెలువరిస్తాయి. ఇవి మితిమీరితే నాడీకణాలు మరింత సులువుగా ఉద్రేకపడతాయి. అలా ఫిట్స్ వల్ల వాపు, వాపు వల్ల ఫిట్స్ పెరుగుతూ పోతాయి.

భారతీయ వైద్యులకు ఈ సంబంధం చిరపరిచితమే. బద్దెపురుగు లార్వా మెదడులో తిత్తిగా స్థిరపడే న్యూరోసిస్టిసర్కోసిస్ మన దేశంలో మూర్ఛకు ముఖ్య కారణాలలో ఒకటి. తిత్తి సజీవంగా ఉన్నంతకాలం చాలామందిలో ఏ లక్షణమూ కనిపించకపోవచ్చు. అది క్షీణించే దశలో చుట్టూ వాపు ఏర్పడి ఫిట్స్ వస్తాయి. అందుకే ఆల్బెండజోల్‌తోపాటు స్టెరాయిడ్లు ఇస్తారు. అయితే దుష్ప్రభావాల దృష్ట్యా స్టెరాయిడ్లను ఏళ్ల తరబడి వాడటం కష్టం. కాబట్టి శరీరమే తయారుచేసుకునే ఒక హార్మోన్‌పై ఆసక్తి కలగడం సహజం.

ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో మెలటోనిన్ హానికర ఆక్సిజన్ అణువులను అదుపు చేసి, వాపును ప్రేరేపించే సంకేతాలను తగ్గించినట్లు వెల్లడైంది. మనుషుల విషయంలో మాత్రం ఆధారాలు పలుచగానే ఉన్నాయి. 2016లో కాక్రేన్ సమీక్షకులకు లభించినవి 6 అధ్యయనాలు, 125 మంది రోగులు మాత్రమే. వాటిలో చాలా అధ్యయనాలు ఫిట్స్ సంఖ్యను పద్ధతిగా లెక్కించలేదు. పైగా 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక నివేదిక, నాడీ సంబంధ వైకల్యం ఉన్న 6గురు పిల్లలకు మెలటోనిన్ ఇవ్వగా 4గురిలో ఫిట్స్ పెరిగాయని పేర్కొంది. చిన్న సంఖ్యే అయినా విస్మరించదగినది కాదు.

మరో చిక్కు కూడా ఉంది. నిద్రలేమి చాలామందిలో ఫిట్స్‌ను రేకెత్తిస్తుంది. మెలటోనిన్ వాడిన రోగికి కాస్త ఉపశమనం కలిగితే, అది వాపు తగ్గినందువల్లనా, కంటి నిండా నిద్రపట్టినందువల్లనా? ఫిట్స్‌ను, నిద్రను, రక్తంలోని వాపు సూచికలను ఒకేసారి దీర్ఘకాలం కొలిచే పరీక్షలు జరిగితేనే దీనికి జవాబు దొరుకుతుంది.

ఈలోగా కొందరు రోగులు సొంత నిర్ణయంతో ఈ మాత్రల వైపు మొగ్గే అవకాశం ఆందోళన కలిగిస్తోంది. మూర్ఛ మందును హఠాత్తుగా ఆపితే ఎడతెగని ఫిట్స్ వచ్చి ప్రాణాపాయం ఏర్పడవచ్చు. మెలటోనిన్‌ను పరిశోధకులు పరీక్షిస్తున్నది కూడా ప్రధానంగా అదనపు మందుగానే. పేద దేశాలలో మూర్ఛ రోగులలో నాలుగింట మూడొంతుల మందికి అసలు చికిత్సే అందడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారికి అవసరమైన పాత మందుల ఖర్చు ఏడాదికి 5 డాలర్ల నుంచే మొదలవుతుంది.