బొమ్మలో లేనిదే మీ కథ

2021-22 సీజనులో నల్ల తామరపురుగు మిరప చేలమీద పడింది. పూతలో దూరి, పూవు నిలవకుండా రాల్చేసింది. అంతకుముందు మన రైతులు చూసిన పురుగు కాదది. పూవు విప్పి, లోపల కదులుతున్న సన్నటి నల్ల నలుసును ఫోనుతో ఫోటో తీసి, దాని పేరు కోసం వెతికినవాళ్ళు ఉన్నారు. పురుగుల మందుల కొట్టుకు వెళ్ళేలోపు పేరు తెలిస్తే చాలు వాళ్ళకు. ఫోటో పెట్టి ‘ఇదేమిటి’ అని అడిగే ఇలాంటి పనులకే 2017లో గూగుల్ లెన్స్ వచ్చింది. పేరు, ధర, దొరికే చోటు చెబితే దాని పని అయిపోతుంది.

ఇప్పుడు అదే లెన్స్‌ను మన పిల్లలు మరో పనికి వాడుతున్నారు. బడిలో వ్యాసం రాయమన్నా, కాలేజీ పత్రికకు కథ కావాలన్నా, ఏం రాయాలో తట్టనప్పుడు ఒక బొమ్మ పెట్టి దాని చుట్టాలను వెతుకుతున్నారు. ఒక బొమ్మ చూడబోతే వంద కనిపిస్తాయి, వాటిలో ఏదో ఒకటి కదిలిస్తుందని ఆశ. ఈ అలవాటును తిట్టేవాళ్ళతో నేను ఏకీభవించను. ఖాళీ కాగితం ముందు గంటసేపు పెన్ను కొరుకుతూ కూర్చోవడంకన్నా ఇది ఎన్నో రెట్లు మేలు. అయితే పురుగు పేరు తెలియగానే రైతు ఆగినట్టు రాసేవాడు ఆగకూడదు. పేరు తెలిసాక అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. పూత రాలిపోయిన చేను దున్నేయాలని ఇంట్లో మొదట అన్నది ఎవరు? కౌలు డబ్బు అప్పటికే కట్టేశారా? ఆ సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగిందా? వీటికి లెన్స్ దగ్గర జవాబుల్లేవు. పల్నాడులోని పెదకూరపాడులో పదో తరగతి చదివే అమ్మాయి వాళ్ళమ్మను అడిగితే మాత్రం వంటింట్లోనే దొరుకుతాయి.

ఈ పరికరం ఎలా పనిచేస్తుందో కాస్త తెలుసుకుంటే దాన్ని ఎక్కడిదాకా నమ్మాలో అర్థమవుతుంది. మనం పెట్టిన ఫోటోలోని గీతల్ని, రంగుల్ని, ఆకారాల్ని అది అంకెల వరసగా మార్చుకుంటుంది. అలాగే అంకెలుగా మార్చి పెట్టుకున్న కోట్లాది బొమ్మల్లో, దీనికి దగ్గరగా ఉన్నవాటిని ఏరి చూపిస్తుంది. ఆ బొమ్మల పక్కన ఎవరో రాసిన మాటల్ని బట్టి పేరు చెబుతుంది. కాబట్టి దాని బలమంతా పోలిక పట్టడంలో ఉంది. రాసేవాడికి కావాల్సింది పోలిక కాదు, తేడా. పల్లె బొమ్మ ఒకటి పెట్టి అలాంటివి చూపించమంటే పొద్దుగూకే వేళ ఎడ్లబండి, నెత్తిన బిందెతో నడిచే ఆడపిల్ల, మర్రిచెట్టు కింద ముసలాయన వరసగా వస్తారు. అవి చూసి రాసిన వ్యాసంలో పెదకూరపాడు ఉండదు. ట్రాక్టరు ట్రక్కులో పేర్చిన పత్తి బోరేలుండవు. గుంటూరు యార్డుకు పోయే మిరప టిక్కీలుండవు. కల్లంలో కాయలు ఏరే కూలీ ఆడవాళ్ళు ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు ఉండదు. నల్లపాడు నుంచి వచ్చే రైలు కోసం స్టేషన్లో కూర్చున్న కాలేజీ పిల్లలుండరు. అందుకే నేను పిల్లలకు మొదట చెప్పేది ఒక్కటే. వెతకడానికి పెట్టే ఫోటో మీరు తీసిందై ఉండాలి. దిగుమతి చేసుకున్న బొమ్మతో మొదలుపెడితే దిగుమతి ఊహలే వస్తాయి.

పోలికలోంచి తేడా ఎలా పట్టాలో చూడటానికి కోటప్పకొండ ప్రభను తీసుకోండి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళు కట్టే ఎత్తైన విద్యుత్ ప్రభ ఫోటో పెట్టి చూస్తే, దాని పోలికలున్న ఇతర ప్రభలు కూడా ఎదురవుతాయి. వాటిలో కోనసీమ జగ్గన్నతోట ప్రభ ఒకటి కావచ్చు. రెండూ ప్రభలే, రెండూ శివుడి పేరు మీద కట్టేవే. కానీ కనుమనాటి ఆ కోనసీమ ప్రభను మనుషులు భుజాల మీద మోస్తూ పచ్చని వరిచేలల్లోంచి, కాలువలోంచి నడిపిస్తారు. మన ప్రభ బల్బుల వరసలతో, దాని ముందు వేదికతో, చక్రాల మీద కొండ కిందికి చేరుతుంది. అక్కడ పంట నలిగినా రైతు ఏమీ అనడు. ఇక్కడ దారిలో కరెంటు తీగలు అడ్డు వస్తే ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. ఆ తేడా దగ్గర ఒక మంచి వ్యాసం ఉంది. లెన్స్ ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టడం వరకూ సాయం చేస్తుంది. ఆపైన ప్రభకు ఊళ్ళో చందా ఎలా వేస్తారో, ప్రభ ఎత్తు గురించి పక్క ఊరితో పంతం ఎప్పటినుంచి ఉందో, పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడగాలి.

బొమ్మలోంచి కథ తీయడం మనకు బయటినుంచి వచ్చిన విద్య కాదు. పెదకూరపాడు నుంచి గంటలోపు ప్రయాణం అమరావతి. శాసనసభకు రెండు ఊళ్ళూ ఓటేసేది ఒకే నియోజకవర్గంలో. అక్కడి బౌద్ధ స్తూపం మహాచైత్యాన్ని చెక్కిన శిల్పులు ఒక్క గుండ్రటి పలకలో కథంతా ఇమిడ్చారు. చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న నలగిరి ఏనుగు పలక ఫోటో ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది. అందులో ఒకపక్క మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కేస్తోంది. ఇంకోపక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. ఒకే చట్రంలో ఒకే ఏనుగు రెండుసార్లు. మధ్యలో పరుగులు, తోపులాట, పైన మేడల్లోంచి తొంగిచూసే ముఖాలు. కథను నడపడం నేర్చుకోవాలనుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఈ ఫోటోతో ఒక సాధన చేయించవచ్చు. లెన్స్‌లో ఫోటో తెరిచాక అంచుల్ని లోపలికి జరిపి, మనకు కావాల్సిన ముక్కను మాత్రమే వెతకవచ్చు. 2022 నుంచి ఆ ముక్కకు మన మాటలు కూడా జోడించి అడిగే వీలుంది. మొత్తం పలకను పెడితే ‘అమరావతి, నలగిరి’ అనే జవాబులు వస్తాయి. ఆ జవాబు ఎవరికైనా ఒకటే. ఇప్పుడు అంచుల్ని పైనున్న కిటికీ దాకా కుదించండి. కిటికీలోంచి చూస్తున్నవాళ్ళకు వీధి చివర ఏం జరుగుతోందో కనిపిస్తోంది. కింద పరిగెత్తేవాళ్ళకు కనిపించడం లేదు. పైనుంచి ఎవరైనా అరిచి చెప్పారా, లేక నోరు పెగల్లేదా? బుద్ధుడి కథ వేలమంది చెప్పారు. కిటికీలోని ఆ మనిషి కథ ఎవరూ చెప్పలేదు. అది రాయడానికి మీ ఊరి వీధిలో ఆంబోతు తాడు తెంచుకున్న రోజు గుర్తుంటే చాలు.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం దగ్గర నూటికి పైగా అమరావతి శిల్పాలున్నాయి. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించినవి వాటిలో ఎక్కువ. ముందు మద్రాసు చేరి, అక్కడినుంచి ఓడెక్కాయి. వాటిలో ఒక పలక రెండువైపులా చెక్కి ఉంది. క్రీస్తుకు పూర్వం మొదటి శతాబ్దంలో ఒకవైపు బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, చుట్టూ మొక్కుతున్నవాళ్ళు. తర్వాత కొన్ని వందల ఏళ్ళకు, అదే రాయిని తిప్పి వెనకవైపు స్తూపాన్నే చెక్కారు. ఫోటోల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండో ముఖమే. దాన్ని పెట్టి వెతికితే వచ్చేవి కూడా అలాంటి ముఖాలే. ఆ రాయిని తిప్పిన రోజున శిల్పి ఏమనుకున్నాడు? తాతల నాటి పనితనాన్ని గోడవైపుకు తిప్పేస్తున్నామని ఎవరైనా బాధపడ్డారా, లేక రాయి వృథా కాకుండా పనికొచ్చిందని సంతోషించారా? పాత ఇల్లు విప్పి, ఆ దూలాలతోనే కొత్త ఇల్లు కట్టుకున్న కుటుంబాలు పల్నాడులో ఎన్నో ఉన్నాయి. ఆ పిల్లలకు ఈ ప్రశ్న వేసి చూడండి.

నన్ను ఎక్కువ కదిలించేది మాత్రం మరో బొమ్మల కట్ట. బ్రిటిష్ సర్వేయర్ కాలిన్ మెకంజీ 1790ల చివర మొదటిసారి అమరావతి వచ్చేనాటికి రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నాడు. రాళ్ళ కోసం మహాచైత్యపు దిబ్బ అయిన దీపాలదిన్నెను తవ్వుతున్నారు. 1816లో మెకంజీ మళ్ళీ వచ్చి, మిగిలిన పలకల్ని చిత్రకారులతో శ్రద్ధగా గీయించాడు. ఆ చిత్రాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. వాటిలో కనిపించే రాళ్ళలో చాలా ఇప్పుడు ఎక్కడా లేవు. కొన్ని కట్టడాల్లో కలిసిపోయాయి, కొన్నింటిని సున్నం కోసం కాల్చేశారు. అది పల్నాడు సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీల్లో ఇవాళ్టికీ కాలుతున్నది సున్నపురాయే. ఒక చిత్రం పెట్టి లెన్స్‌ను అడిగితే మెకంజీ పేరు చెబుతుంది, అమరావతి పేరు చెబుతుంది. ఆ పలకను బట్టీలో వేసినవాడి గురించి ఏమీ చెప్పదు, ఎందుకంటే అతని గురించి ఎవరూ రాయలేదు. బట్టీ దగ్గర వేడి ఎంత దూరం తగులుతుందో, రాయి కాలాక ఎలా పగులుతుందో, ఆ పొడి గొంతులో ఎలా పట్టుకుంటుందో తెలిసిన పిల్లలు పిడుగురాళ్లలో ఉన్నారు. వాళ్ళలో ఒకరు ఆ మనిషి కథ రాస్తే మొదట చదివేది నేనే అవుతాను. అతణ్ణి దోషిగా నిలబెట్టాలని కాదు. ఆ కూలి డబ్బుతో అతను ఏం కొనుక్కున్నాడో తెలుసుకోవాలని.

అమరావతి కథలు రాసిన సత్యం శంకరమంచికి ఏ పరికరమూ అక్కర్లేకపోయింది. వంద కథలు, బాపు బొమ్మలతో ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చాయి. 1979లో రాష్ట్ర సాహిత్య అకాడమీ అవార్డు అందుకున్నాయి. అక్కడ కథ ముందు, బొమ్మ తర్వాత. ఒక ముక్కుపుడక, ఒక వరద, ఒక పడవ ఆయనకు చాలేవి. ఊరిని అంత దగ్గరగా చూసే కన్ను అందరికీ పుట్టుకతో రాదు కాబట్టే, ఆ చూపు అలవాటు కావడానికి ఫోనును వాడుకోమంటున్నాను.

చందమామలో ఫోటో వ్యాఖ్యల పోటీ గుర్తున్నవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో తప్పకుండా ఉంటారు. రెండు ఫోటోలు ఇచ్చేవారు. ఒకదానికొకటి పొంతన కుదిరేలా రెండు చిన్న వ్యాఖ్యలు రాయాలి. పోస్టుకార్డు మీద నాలుగు మాటలు పంపడానికి పిల్లలు వారంపాటు ఆ ఫోటోలను చూసేవారు. సంబంధం లేనట్టు కనిపించే రెండు బొమ్మల మధ్య దారి వెయ్యడమే ఆ పోటీలోని చదువు. లెన్స్ చూపే వంద బొమ్మల్లోంచి, మీ ఫోటోకు ఏమాత్రం పోలిక లేని ఒకదాన్ని ఎంచుకుని ఆ రెంటికీ దారి వేయండి. అక్కడ మీ బుర్ర పనిచేస్తుంది.

కొన్ని జాగ్రత్తలు గట్టిగానే చెప్పాలి. వెతికితే వచ్చిన బొమ్మ మీది కాదు. దాని కింద ఎవరో రాసిన వాక్యం అసలే మీది కాదు. కృత్రిమ మేధతో తయారైన బొమ్మలు ఇప్పుడు వీటిలో కలిసిపోతున్నాయి. అందులోని గుడి, చీర, పండగ ఎక్కడా లేనివై ఉండవచ్చు. వ్యాసంలో నిజమని రాసేముందు బొమ్మ ఏ మ్యూజియందో, ఏ పత్రికదో తెరిచి చూడాలి. దారిన పోయే మనిషి ముఖాన్ని ఫోటో తీసి అతనెవరో వెతకడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. అతని కథ కావాలంటే పక్కన కూర్చుని, ‘ఏం పెదనాన్నా, ఎంతకాలంగా ఈ పని చేస్తున్నావు’ అని అడగాలి.

ఇంతకన్నా పెద్ద సంగతి మరొకటుంది. బొమ్మ పక్కనున్న మాటల్ని బట్టే ఈ పరికరం పేరు చెబుతుందని ముందే అన్నాను. మన ఊళ్ళ ఫోటోల పక్కన తెలుగు మాటలు ఎన్ని ఉన్నాయి? దుర్గి రాతి శిల్పానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ ఉలి పని దశలవారీగా తెలుగులో రాసిన ఫోటోల వరుస ఏ బడి పిల్లలైనా తయారుచేయవచ్చు. వికీమీడియా కామన్స్‌లో మీరు తీసిన ఫోటో ఎక్కించి, దాని కింద తెలుగులో వివరణ రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని ఒప్పుకుంటే చాలు. మనం రాయకపోతే మన గుడిని, మన పంటను, మన రాతిని ఎక్కడో కూర్చున్నవాళ్ళు తమకు తోచిన మాటల్లో రాస్తారు. రేపు మన పిల్లలు వెతికినప్పుడు ఆ మాటలే మనకు తిరిగి వస్తాయి.

తెలుగు ఉపాధ్యాయులకు నాదొక విన్నపం. వచ్చే నెల వ్యాసరచనకు ‘నా గ్రామం’ అని శీర్షిక ఇవ్వకండి. ప్రతి విద్యార్థినీ తన ఇంటికి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక ఫోటో తీసి తెమ్మనండి. అది లెన్స్‌లో పెట్టించి, వచ్చిన జవాబును కాగితం పైన రెండు వరసల్లో రాయించండి. కింద పేజీ అంతా ఆ జవాబులో లేని సంగతులే రాయాలని షరతు పెట్టండి. ఎవరిని అడిగి తెలుసుకున్నారో వారి వరస కూడా చివర రాయించండి: మా నాయనమ్మ, మా వీధి మేస్త్రీ మావయ్య, స్టేషన్లో టీ అమ్మే అన్న. ఆదివారం అనుబంధాల సంపాదకులు ఆ పేజీల్లో వారానికి ఒకటి, ఫోటోతో సహా అచ్చువేయాలి.