పొలం మాటకు పీట వేద్దాం

ఆస్ట్రేలియా ఇంగ్లీషులో ‘బాండికూట్’ అనే క్రియ ఒకటుంది. బయట చాలామందికి తెలియదు. పైన ఆకు చెదరకుండా, మొక్క నిలబడి ఉండగానే అడుగున ఉన్న ఆలుగడ్డలు తవ్వి ఎత్తుకుపోవడం అని దానర్థం. 19వ శతాబ్దం చివర్లో అక్కడ వాడుకలోకి వచ్చింది. దాని మూలం మన పందికొక్కు. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు బాండికూట్ తెలుగు మాటేనని చెప్పింది. తెల్లవాళ్లు ఆ పేరును ఆస్ట్రేలియాలోని ఒక పొడుగుమూతి జంతువుకు పెట్టారు. అది ఎలుక జాతి కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో పెంచుతుంది. అదీ నేల తవ్వేదే కనుక పేరు కాస్తా క్రియ అయింది.

ఈ అర్థం మా పత్తికొండ రైతుకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. బుడ్డల (వేరుశనగ) చేలో చెట్టు పచ్చగానే ఉంటుంది. పట్టి పీకితే ఊడలే వస్తాయి, కాయ ఉండదు. పక్కనే కొత్తగా తోడిన మన్ను, కలుగు. పంట పీకేశాక పిల్లలం పెద్దల వెంట పోయి, ఆ కలుగులు తవ్వి కొక్కులు దాచిన కాయలు గంపకెత్తేవాళ్లం.

మేం బుడ్డలన్నవే కడపలో శెనక్కాయలు. ఇప్పుడు కడపలో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ, ఇంట్లో మాట బడిలో పలకడానికి పిల్లలు సిగ్గుపడటం చూస్తున్నాను. మనసు చివుక్కుమంటుంది. సముద్రం దాటి ఇంకొకరి భాషలో క్రియగా నిలిచిన మాట మన చేలోదే. దానికి సిగ్గెందుకు?

జనం మాటలను పట్టించుకున్నవాళ్లు ముందే ఉన్నారు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడ సొంత డబ్బుతో పండితులను పోషించాడు. 1852 నాటి తన నిఘంటువులో గ్రంథాల మాటల పక్కనే జనం మాటలకూ చోటిచ్చాడు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటమే వ్యవసాయం మీద.

ఆ దారిలో సీమ ముందుకు నడవాలి. యోగి వేమన, రాయలసీమ విశ్వవిద్యాలయాల తెలుగు విద్యార్థులను పల్లెలకు పంపాలి. వస్తువుల పేర్లతో సరిపెట్టకుండా దున్నడం, విత్తడం, పీకడం, తూర్పారబట్టడం వంటి పనుల మాటలను ఊరూరా రికార్డు చేయించాలి. కడప బ్రౌన్ గ్రంథాలయంలో వాటిని అందరికీ అందుబాటులో ఉంచాలి. ట్రాక్టరు వచ్చాక గొర్రు, గుంటక మూలన పడ్డాయి. వాటిని తోలిన చేతులు ముసలివైపోయాయి. ఆ పెద్దలు ఉండగానే ఈ పని జరగాలి.