పేలకు సిగ్గెందుకు?

బడులు తెరిచారంటే చాలు, పిల్లల చేతులు తలమీదికి పోతుంటాయి. పేలున్నాయని తెలియగానే పక్కన కూర్చునే నేస్తం కాస్తా దూరం జరుగుతుంది. దురదకన్నా అదే పిల్లని ఎక్కువ బాధపెడుతుంది.

నిజానికి శుభ్రంగా తలంటుకునేవాళ్లకీ పేలు పడతాయి. అవి ఎగరవు, దూకవు. తలకు తల తగిలితే పాకుతాయి, అంతే!

ముందు ఇంట్లో అందరి తలలూ చూడండి. పేలున్నవారందరికీ ఒకేరోజు 1 శాతం పెర్మెత్రిన్ మందు రాసి, 10 నిమిషాలాగి కడిగేయండి. ఈపులు చావకుండా మిగిలితే వారం పదిరోజుల్లో పిల్లలవుతాయి. అందుకే 9వ రోజున మళ్లీ రాయాలి. పసివాళ్లకైతే డాక్టర్ని అడగాల్సిందే. మందు వద్దనుకుంటే తడిజుట్టుకి కండిషనర్ పట్టించి, మూడు నాలుగు రోజులకోసారి పేలదువ్వెనతో రెండు వారాలు దువ్వండి. కిరోసిన్ జోలికి మాత్రం పోవద్దు, నిప్పంటుకుంటే ప్రాణాలకే ముప్పు. దుప్పట్లు, దిండు గలీబులు వేడినీళ్లలో ఉతికితే చాలు. తల వదిలిన పేను రెండురోజులకు మించి బతకదు.

ఇంత చేసినా, నేస్తం తలలో ఉంటే మళ్లీ మొదటికే! అందుకే సిగ్గుపడకుండా ఆ పిల్ల అమ్మకి ఓ ఫోన్ చేయండి. మీకెలా చెప్పాలా అని ఆవిడా తటపటాయిస్తూ ఉండొచ్చు.