తాళంచెవి లేని తలుపు



నల్లజర్లలోని మా ఇంటి వీధి తలుపు మొన్న శ్రావణమాసంలో హైదరాబాదు నుండి తెరచుకొన్నది. ఇది పొడుపుకథ కాదు, స్వానుభవం. ఆనాటి నుండి తాళంచెవి లేని తాళాల మీద నాకొక అభిప్రాయం ఏర్పడినది. దానిని నిర్మొహమాటంగా వ్రాయుచున్నాను. ఏకీభవించనివారు నిరభ్యంతరంగా వాదించవచ్చును.

మా పెద్దబ్బాయి హైదరాబాదులో ఉద్యోగి. "నాన్నగారూ, తాళాలు ఎక్కడ పెట్టారో ఈ వయసులో వెతుక్కోవడం దేనికి?" అని సంక్రాంతికి వచ్చినప్పుడు వేలిముద్రతోను, అంకెలతోను, ఫోనుతోను తెరచుకొనే తాళం తలుపుకు బిగింపించినాడు. వాడి ప్రేమను నేను శంకించను. ముప్పది ఏళ్ళ ఇత్తడి తాళంకప్ప అటక ఎక్కినది. 2022లో మా మండలం పశ్చిమగోదావరి నుండి తూర్పుగోదావరి జిల్లాకు మారినప్పుడు కూడా మారని తాళంచెవి ఆ పూటతో మూలబడినది.

శ్రావణ శుక్రవారం నాడు నేను, మా శ్రీమతి ద్వారకాతిరుమల వెళ్ళి, చీకటి పడే వేళకు వానలో తడిసి వచ్చినాము. ఆమె వేలు పెట్టినది, యంత్రం కాదన్నది. కొంగుతో తుడిచి పెట్టినది, మళ్ళీ కాదన్నది. నలభై ఏళ్ళు చింతపండు పిసికి, అంట్లు తోమిన వేళ్ళవి. నావి సుద్దముక్కకు అరిగిన వేళ్ళు. అంకెలు నొక్కుదామంటే, భద్రత కోసమని వాటిని అబ్బాయి వారం క్రిందటనే మార్చినాడు. కొత్త అంకెలు నా ఫోనులో ఉన్నవి. ఫోనులో చార్జింగు లేదు. చివరకు పక్కింటి ఆవిడ ఫోనుతో వాడికి చెప్పగా, వాడు ఆఫీసులో కూర్చొని మా తలుపు తీసినాడు. అప్పటికి మేము అరుగు మీద ముప్పావుగంట తడిబట్టలతో కూర్చున్నాము.

ఆ ఆవిడ అన్నది ఒక్క మాటే. "ఇదివరకైతే తాళం మా ఇంట్లోనే ఉండేది గదా, అక్కయ్యగారూ!" నిజమే. మేము ఊరు వెళ్ళినప్పుడల్లా మా తాళంచెవి వారి వంటింటి మేకుకు వ్రేలాడేది. ఆమె మా తులసికోటకు నీళ్ళు పోసేది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు ఎక్కువ బాధ కలిగినది.

కన్నడిగులు తాళంచెవిని 'బీగద కై' అంటారు, అనగా తాళపు చేయి. మనం చెవి అంటాము. పేరుకు అవయవమే గాని, దానిని తీసి ఇంకొకరి చేతిలో పెట్టవచ్చును. వేలు నిజమైన అవయవం; దానిని పక్కింటి మేకుకు తగిలించలేము. "ఆవిడ వేలిముద్ర కూడా నమోదు చేయవచ్చు గదా" అంటారు. చేయవచ్చును. కాని ఆ అనుమతి ఇచ్చేవాడు, తీసివేసేవాడు హైదరాబాదులో ఉన్నాడు. ఇల్లు ఎవరిది?

అరిగిన వేళ్ళ బాధ మా ఇంటికే పరిమితం కాదు. 2015 నుండి మన రాష్ట్రంలో చౌకధరల దుకాణాలలో వేలిముద్ర యంత్రాలు వచ్చినవి. నాట్లు వేసిన చేతులను, తాపీ పట్టిన చేతులను, ముసలి చేతులను ఆ యంత్రాలు గుర్తించక ఎందరు ఉత్త సంచులతో వెనుదిరిగినారో మనకు తెలియనిది కాదు. పనిచేసిన చేతినే పరాయిదనే యంత్రాన్ని ఇంటి గడపకు కూడా తెచ్చుకోవాలా?

ఇక భద్రత. 2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాలో ఒక వ్యక్తి భూముల రిజిస్ట్రేషను దస్తావేజుల మీది వేలిముద్రలను ప్రభుత్వ వెబ్‌సైటు నుండి దించుకొని, రబ్బరు ముద్రలు తయారుచేసి, వాటితో ఇతరుల పేర సిమ్‌కార్డులు తీసి పట్టుబడినాడు. ఇంటి తాళంలో ముద్ర ఆ తాళంలోనే ఉంటుంది, బయటికి పోదు అని అమ్మేవారు అంటారు. ఒప్పుకొందాము. కాని నా బొటనవేలి ముద్ర పొలం దస్తావేజు మీద ఉన్నది, నేను మంచినీళ్ళు త్రాగిన ప్రతి గాజుగ్లాసు మీదా ఉన్నది. తాళంచెవి పోతే తాడేపల్లిగూడెంలో మరొకటి చేయించుకొంటాను. ముద్ర పోతే? ఏకలవ్యుడు బొటనవేలు గురువుకిచ్చినాడు. మనం తాళానికి ఇచ్చుచున్నాము.

మరొక సంగతి. ఒకనాడు ఫోను వచ్చినది: "నాన్నగారూ, తెల్లవారుజామున మూడున్నరకు తలుపు తీశారేమి? ఒంట్లో బాగుండలేదా?" ఉక్కపోతకు అరుగు మీద కూర్చుందామని తీసినాను. వాడిది ఆదుర్దా, కాదనను. కాని అరవై దాటిన తండ్రి తన గడప దాటినందుకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చినది.

తాళంచెవులు మాత్రం పోవా అంటారు. పోతాయి. పూరీ జగన్నాథుని రత్నభాండారపు తాళంచెవులు కనబడడం లేదని 2018లో గగ్గోలు పుట్టినది. 2024 జూలై 14న లోపలి గది తాళాలు పగులగొట్టి తెరచినారు. అంత గొప్ప తాళానికైనా చివరకు మనిషి చేయి, ఒక పనిముట్టు చాలినవి. మా అరుగు మీద కూర్చున్నవారికి ఆ దారి కూడా లేకపోయినది.

ఉన్నదని తరువాత తెలిసినది! ఆ తాళంతో పాటు అత్యవసరానికి రెండు మామూలు తాళంచెవులు కూడా ఇచ్చినారట. అబ్బాయి వాటిని హైదరాబాదులో తన బీరువాలో భద్రపరచినాడు. వినాయకచవితికి వచ్చినప్పుడు అడిగి పుచ్చుకొన్నాను. కొంచెం చిన్నబుచ్చుకొన్నాడు, ఇచ్చినాడు.

మీలో చాలామంది తలిదండ్రులను ఊళ్ళలో ఉంచి దూరదేశాలలో ఉన్నవారు. మీకు నా విన్నపం ఒకటే. కొత్త తాళం పెట్టించండి, వద్దనను. బ్యాటరీలు నీరసించకముందే మార్పించండి. కాని తాళంచెవి పట్టే రంధ్రం లేని తాళాన్ని మాత్రం కొనకండి. ఆ తాళంచెవిని మీ బీరువాలో గాక మీ అమ్మగారి చేతిలో పెట్టండి. రెండవది ఎవరికివ్వాలో ఆమెకు తెలుసును.

మా రెండవ తాళంచెవి పక్కింటి వంటింటి మేకుకు ఉన్నది.

స్వస్తి.